వాగుకు ఇవతలి గది

ఈ మే నెలలో మా చిన్నమ్మతో కలిసి నాలుగు రోజులు తిరిగొచ్చాను. "ఈ ఎండల్లో ఎక్కడికి, రాముడి దర్శనానికా?" అని అడిగినవాళ్లకు అవునని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి చిన్నమ్మ ఇకమీదట ఎక్కడ ఉండాలో చూడటానికి తిరిగాం. ఇలాంటి యాత్రకు ఎవరూ ప్యాకేజీలు పెట్టరు. మా ఇంట్లో కూడా ఇంతకుముందు ఎవరూ వెళ్లలేదు. రేపోమాపో బయలుదేరాల్సినవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

చిన్నమ్మ పేరు మార్తమ్మ. మా అమ్మకు చెల్లెలు. డెబ్భై ఆరేళ్లు, పెళ్లి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా పినపాక వైపు అడవి ఊళ్లలో గవర్నమెంటు నర్సుగా పనిచేసింది. రిటైరయ్యాక కొత్తగూడెంలో కిరాయి ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఫిబ్రవరిలో ఒక పొద్దున కళ్లు తిరిగి వంటింట్లో పడిపోయింది. పాలు పోసే ఆమె తలుపు కొట్టి కొట్టి పక్కవాళ్లను పిలిచేదాకా నేలమీదే ఉంది. దెబ్బలేం తగల్లేదు. మర్నాడు తనే ఫోన్ చేసి, "ఒక్కదాన్నే ఉండుడు ఇగ బంద్ బిడ్డా. ఎండకాలంల జాగా చూసుకుంట, తోడు రా" అంది.

మరి మీ ఇల్లు లేదా అని అడుగుతారు. ఉంది. ఖమ్మంలో, కింది అంతస్తులోనే. మా ఆయన, నేను, ఒక ఖాళీ గది. ఆ గదిలో మా అత్తగారు తొమ్మిదేళ్లు మంచం పట్టి ఉన్నారు. పగలు బడిలో లెక్కలు చెప్పి, రాత్రి ఆమెకు పక్కబట్టలు మార్చి, ఆ తొమ్మిదేళ్లూ నేను రెండు గంటలకు మించి ఒక్క తడవ కూడా నిద్రపోలేదు. కిందటేడు ఆమె పోయారు, నేనూ రిటైరయ్యాను. నిద్ర ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. చిన్నమ్మను రమ్మని పిలవాలని నాకు తెలుసు. పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే సరేనంటుందేమోనని భయం. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఖమ్మం

బయలుదేరే ముందురోజు చిన్నమ్మ మా ఇంటికొచ్చి ఆ గదిలోనే పడుకుంది. పొద్దున మా వీధి చివరి యాకూబ్ భాయ్ కారు తెచ్చేసరికి ఆమె స్నానం, ప్రార్థన ముగించుకుని వాకిట్లో నిలబడింది. చేతిసంచిలో గీతలు కొట్టిన చిన్న నోటుపుస్తకం ఒకటి. ఏం రాస్తున్నావని తొంగిచూస్తే మూసేసింది. "నర్సు రిజిస్టరు అందరికి చూపియ్యరు."

మొదట చూసింది ఊరి బయట కొత్తగా కట్టిన హోమ్. నెలకు ముప్ఫై ఐదు వేలు. గాజు తలుపులు, ఏసీ, గోడల నిండా నవ్వుతున్న ముసలివాళ్ల ఫోటోలు. నాకు ఎడమ మోకాలు నొప్పి. మెట్లెక్కేసరికి ఆయాసపడుతూ కుంటుతున్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. మేనేజర్ పిల్లవాడేం కాదు, నలభై దాటినవాడు. నన్ను జాలిగా చూసి, "అడ్మిషన్ ఈ అమ్మగారికేనా?" అని చిన్నమ్మను అడిగాడు.

"అవ్, ఈమెకే. మంచిగ చూపియ్యండి" అంది చిన్నమ్మ.

పది నిమిషాల పాటు ఆయన నాకు మెత్తటి అన్నం గురించి, డైపర్ల గురించి నచ్చజెప్పాడు. నా వయసు యాభై తొమ్మిది. చిన్నమ్మ మాత్రం మంచం దగ్గర నిలబడి, బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఇరవై రెండు. తర్వాత వరండాలో కుర్చీలో ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టి, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కాసేపు మాట్లాడింది.

కారెక్కాక చెప్పింది. "అంగీ ఇస్త్రీ చేసిండ్రు. గోళ్లు తియ్యలే."

"గోళ్లదేముంది చిన్నమ్మా."

"బట్టలు చూసేటోళ్లు వస్తున్నరంటే గంటల మారుస్తరు. గోళ్లు రోజు పట్టించుకునేటోళ్లుంటేనే పొట్టిగుంటయ్ బిడ్డా."

నాకు ఆ హోమ్ నచ్చింది. అక్కడ ఉంచితే నలుగురికీ చెప్పుకోవడానికి బాగుంటుంది, ఏసీ ఉంటే నా మనస్సాక్షికి కూడా చల్లగా ఉంటుంది. ఆమె ఏదో రాసుకుని పుస్తకం మూసింది.

సత్తుపల్లి

దారి పొడవునా వరిమళ్లు పోయి పామాయిల్ తోటలొచ్చాయి. సత్తుపల్లిలో మా మేనమామ కొడుకు ప్రసాద్ ఉంటాడు. చిన్నమ్మకు స్వయానా అన్న కొడుకు. మేం వెళ్లేసరికి నాటుకోడి పులుసు, గారెలు, రెండు రోజుల కిందట కలిపిన కొత్తావకాయ సిద్ధంగా ఉన్నాయి. మా ఖమ్మంలో ఆవకాయ మూడోనాడు తిరగతిప్పేదాకా జాడీ ముట్టనివ్వం. ఇక్కడ కలిపిన చేత్తోనే అన్నంలోకి వడ్డిస్తున్నారు. మూడు ముద్దలు తిన్నాక ఆ పద్ధతే మేలనిపించింది.

భోజనం మధ్యలో ఎక్కడో నేల కింద ఢామ్మని మోత. గ్లాసుల్లో నీళ్లు వణికాయి, కిటికీ రెక్కలు గిలగిల్లాడాయి. నేను ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

"కూర్చో వదినా, ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్. రోజూ ఉండేదే" అని ప్రసాద్ నవ్వాడు. ఆ తర్వాత చిన్నమ్మతో, "అత్తా, ఇంకెక్కడికీ తిరగొద్దు. ఇక్కడే ఉండు. నీకేం లోటు చెయ్యం" అన్నాడు. మనిషి మనసారా అన్నాడు, అందులో అనుమానం లేదు. అప్పటికే గది కూడా సర్దించాడు.

ఆ గదిలో గోడ నిండా రసాయనశాస్త్రం ఫార్ములాలు అంటించి ఉన్నాయి. ప్రసాద్ కూతురు మెర్సీది. ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో కట్టి తలుపు పక్కన పెట్టింది.

"నువ్వెక్కడ చదువుకుంటవమ్మా?" అని చిన్నమ్మ అడిగింది.

"హాల్లో, నానమ్మా. టీవీ సౌండ్ తగ్గిస్తామన్నారు" అంది ఆ పిల్ల, తల దించుకుని.

రాత్రి ఆ గదిలోనే పడుకున్నాం. తెల్లవారి లేచేసరికి చిన్నమ్మ అట్టపెట్టెలు విప్పి, పుస్తకాలను ఒక్కొక్కటిగా అలమరలో ఎక్కడివక్కడ పేరుస్తోంది. వెళ్లేటప్పుడు ప్రసాద్ మొహం చిన్నబోయింది. "నీ బిడ్డ పాసైనంక వచ్చి స్వీట్లు తింట" అని వాడి వీపు తట్టి కారెక్కింది.

కొత్తగూడెం

బొగ్గు గని కార్మికుల క్వార్టర్లు దాటాక, ఒక వీధిలో చర్చి ఆడవాళ్లు కలిసి నడిపే పాత ఇల్లు. ఇరవై మంది దాకా వృద్ధులు, ఎక్కువమంది గని కార్మికుల భార్యలు. నెలకు ఎనిమిది వేలు. గోడల సున్నం పెచ్చులూడింది. స్టీలు పళ్లేలు, ఫినాయిలు వాసన, సాయంత్రం ఆరున్నరకే అన్నం. గదికి ఇద్దరు. గుమ్మంలోనే నా మనసు వెనక్కి లాగింది.

వార్డెన్ ఎస్తేరు యాభై ఏళ్ల గట్టి మనిషి. ఆమె రూల్సు చెబుతుండగానే చిన్నమ్మ మంచం మీదున్న ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్లి, దుప్పటి తొలగించి, ముందు మడమలు చూసింది. తర్వాత ఆమెను మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి వీపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లను చూడబోయి పళ్లు లెక్కపెట్టినట్టు ఏమిటిది?

ఎస్తేరు మాత్రం నొచ్చుకోలేదు. "చూడండి సిస్టర్. పొద్దుగాలే తిప్పినం. మల్ల పది గంటలకు తిప్పుతం. పుండు పడనియ్యం."

"అవ్, మంచిగున్నది. గోళ్లెవలు తీస్తరు?"

"శనివారం నేనే. అరుస్తరు, తిడ్తరు, అయినా తీస్త."

చిన్నమ్మకు చూపించిన గదిలో రెండో మంచం సాలమ్మది. సాలమ్మ భర్త గనిలో మొదటి షిఫ్టుకు వెళ్లేవాడు. పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆమె తెల్లవారుజామునే లేచి, ఆయన టిఫిన్ క్యారియర్ ఏదని వెతుకుతుంది. దొరక్కపోతే ఏడుస్తుంది. "అందుకే ఖాళీ క్యారియర్ ఒకటి కొని మంచం కాడ పెట్టినం" అంది ఎస్తేరు. "లేస్తది, మూత బిగిస్తది, తలుపు కాడ పెడ్తది, మల్ల పండుకుంటది. పొద్దున మేం తీసి మంచం కాడ పెడ్తం."

చిన్నమ్మ ఆ క్యారియర్‌ను ఎత్తి చూసి, అంతకుముందున్నట్టే పెట్టింది. బాత్రూం దాకా నడిచింది. తొమ్మిది అడుగులు. కానీ మధ్యలో జానెడెత్తు గడప. "ఇదుంటే కష్టం ఎస్తేరమ్మా. కాలు తట్టుకుని పడ్తం" అంది.  ఎస్తేరు గడప వైపు చూసి తలూపింది.

ఆ రాత్రి చిన్నమ్మ కిరాయి ఇంట్లో పడుకున్నాం. ఖమ్మం హోమే బాగుందని నేను రెండుసార్లు అన్నాను. "ఇంకో జాగా ఉన్నది, చూద్దాం" అంది.

భద్రాచలం

ఇక్కడ చూడాల్సిన హోమ్ ఏదీ లేదు. చిన్నమ్మకు గోదావరి చూడాలనిపించింది, అంతే. వేసవి గదా, ఏరు సన్నబడి రెండు పాయలై పారుతోంది. యాకూబ్ భాయ్ మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, గుడి దగ్గరికి వెళ్లి పులిహోర పొట్లాలు తెచ్చాడు. ఇద్దరు క్రైస్తవులు, ఒక ముసల్మాను కలిసి రాములవారి పులిహోర ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాం. మిరియాల ఘాటు, చింతపండు పులుపు రెండూ సరిపోయాయి.

ఆ రాత్రి అక్కడే ఆగాం. మర్నాడు పొద్దున బండి మీద ఇడ్లీలమ్మే ఆమెతో మాట కలిసింది. ప్లేటు ముప్ఫై రూపాయలు, అల్లం చట్నీ ఎంత అడిగితే అంత. బండి పక్కన స్టూలు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

"మా అత్త" అందామె. "ముగ్గురు కొడుకులు, నెలకొకరు వంతులేసుకున్నరు. ముప్ఫై దినాలని మాట. ముప్ఫై ఒకటో తారీఖు ఎవలదో తేలలే. పొద్దున ఒకరు దింపిపోతరు, ఇంకొకరు మర్నాడొస్తరు. ఆ దినం ఈడనే నా బండి కాడ కూసుంటది."

"నీ మొగుడు ఆ ముగ్గుర్ల ఒకడే గదా?" అని అడిగింది చిన్నమ్మ.

"అవ్. నా వంతు అయిపోయింది. అయినా ఏడికి పంపుతనమ్మా, కడుపుకు పెట్టకుండ?" అంటూ అత్త ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. ఆ రోజు తారీఖు ముప్ఫై ఒకటి. నేను లెక్కల టీచర్ని. ఏడాదికి అలాంటి రోజులు ఏడుంటాయని వద్దన్నా లెక్క తేలింది.

వాగు అవతల

పినపాక దాటి అడవిలోకి వెళ్లాక వాగు దగ్గర యాకూబ్ భాయ్ కారు ఆపాడు. "దింపితే ఇసుకల్నుంచి మల్ల ఎక్కదు మేడం." నడిచాం. నడుమ మడమ లోతు నీళ్లు. అవతలి ఒడ్డు ఇసుకలో నా చెప్పు తెగింది. ఎండకు కాలిన ఇసుక మీద నేను గంతులేస్తుంటే చిన్నమ్మ తన చెప్పులిచ్చి, తను వట్టికాళ్లతో హాయిగా నడిచింది. వాగు మధ్యలో వంతెన కోసం కట్టిన స్తంభాలు, ఇనుప చువ్వలు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి.

ఒడ్డున ముత్తమ్మ ఎదురుచూస్తోంది. చిన్నమ్మ పనిచేసిన రోజుల్లో ఆ ఊరి సబ్ సెంటర్లో ఆయా. ఇద్దరూ కలిసి చేసిన కాన్పులకు లెక్కలేదు. వాళ్లది కోయ కుటుంబం. ఇంట్లో కోయ భాష, మాతో తెలుగు. ఊరి మొదట్లో బీడీలకు వాడే తునికాకు కల్లం. యాభై ఆకులకొక కట్ట చొప్పున ఎండబెట్టారు. ఆడవాళ్లు పని ఆపి చిన్నమ్మ చుట్టూ చేరారు. ఒకామె తన పేరు మార్తమ్మ అంది. పక్కనున్నామె తన పేరూ అదేనంది. ముత్తమ్మ మనవరాలు మూడో మార్తమ్మ. ఆ ఊళ్లో ఒక్క క్రైస్తవ ఇల్లు కూడా లేదు.

జొన్నజావ, ఎండుచేపల పులుసు పెట్టారు, తర్వాత తాటిముంజలు. కొత్త మామిడికాయను ఊరంతా కలిసి పండుగ చేసుకున్నాకే ముడతారట. మేం పిందె కనబడితే చాలు రాయి విసిరే రకం. నాకు మళ్లీ కొంచెం సిగ్గేసింది.

తిన్నాక ముత్తమ్మ మమ్మల్ని ఇంటి పక్కకు తీసుకెళ్లింది. అక్కడ నాలుగు గుంజలు పాతి ఉన్నాయి. పక్కన కొత్తగా నరికిన వెదుర్లు.

"ఏందే ఇది?" అంది చిన్నమ్మ.

"నీ ఇల్లు. ఫోన్ల నువ్వే చెప్తివి గదా, ఉండనీకి జాగా చూస్తున్న అని. వారం దినాలల్ల తడికెలు గట్టి, పైన కప్పేస్తం. మా పోరలు చూస్కుంటరు. ఈడనే ఉండు సిస్టరమ్మా."

నాలుగు రోజుల్లో చిన్నమ్మ మొహం అంతగా వెలగడం నేను అప్పుడే చూశాను. గుంజల మధ్యకు వెళ్లి, ఇక్కడ మంచం, అక్కడ పొయ్యి అన్నట్టు చేత్తో చూపింది. ఒక గుంజను పట్టుకుని ఊపి చూసింది. ఇక్కడే ఉంటానంటుందనుకున్నాను. నా గుండె మీద బరువు దిగినట్టే ఉంది, దిగినందుకు నా మీద నాకే కోపమూ వస్తోంది. అప్పుడామె వాగు వైపు తిరిగింది.

"ముత్తీ, వానలు పడకముందు నెలలు నిండినోళ్లను మనం ఏం చేసేటోళ్లం?"

"వాగు దాటించేటోళ్లం. ఆ ఒడ్డున ఇల్లు చూసి ఉంచేటోళ్లం. నువ్వు తిట్టి తిట్టి దాటిస్తివి. మా అత్త నీ మీదికి కట్టె లేపలే?"

"ఏడ్చి మొత్తుకున్నా ఒక్కదాన్నన్న ఈడ ఉండనిచ్చిన్నా?"

"లేదు."

"మరి నన్నెట్ల ఉండమంటవే? నాకు గూడ నెలలు నిండినయ్ గదా. రాత్రి ఏమన్నయితే మీ పోరలు నన్ను మోసుకుని వాగుల దిగుతరు. నా కోసం వాళ్లు కొట్టుకపోవాల్నా?"

 ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెదుర్ల వైపు చూసింది. చివరికి, "గుంజలైతే పీకను" అంది.

"పీకకు. వాగు ఎండినంక వస్తా. నీడకు ఆకులేసి పెట్టు."

వాగు దాటేటప్పుడు ముగ్గురు మార్తమ్మలూ ఒడ్డుదాకా వచ్చారు. చిన్నమ్మ మధ్య నీళ్లలో ఆగి వెనక్కి చూసింది. ఏడుస్తోందేమోనని నేను పక్కకు తిరిగాను. నాకైతే దుఃఖం ఆగలేదు.

మళ్లీ కొత్తగూడెం

"ఎస్తేరమ్మ కాడికి పోనియ్ భాయ్" అంది కారెక్కగానే. ఇక నేను ఖమ్మం హోమ్ ఊసెత్తలేదు.

హోమ్‌లో ఆ గది ముందు సిమెంటు తడి ఆరలేదు. గడప లేదు. ఉలితో కొట్టించి, నేలంతా ఒక్క మట్టం చేశారు.  జాగ్రత్త, తడి తొక్కకండి అని మాత్రం అంది ఎస్తేరు.

చిన్నమ్మ లోపల కాగితాల మీద సంతకాలు పెడుతూ, "సునీ, ఇక్కడి ఫోన్ నంబరు నా పుస్తకంల రాయి బిడ్డా" అని చేతిసంచి నాకిచ్చింది. నేను వరండాలో సాలమ్మ పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. పాత రిజిస్టర్ల మాదిరే గళ్లు గీసి ఉంది. అడుగులు, గడప, నీళ్లు, దవాఖాన, రిమార్కులు.

మొదటి వరుసలో ఖమ్మం హోమ్ ఉంటుందనుకున్నాను. లేదు. మేం బయలుదేరే ముందురోజు తారీఖుతో ఇలా ఉంది: సునీత ఇల్లు. పదకొండు అడుగులు. గడప లేదు. గోడకు పట్టుకునే కడ్డీ ఉన్నది. నీళ్లు పుష్కలం. దవాఖాన దగ్గర. అన్నిటికీ ఎదురుగా టిక్కులు. చివర రిమార్కుల గడిలో గుండ్రటి అక్షరాలతో: ఈ ఇంట్లో పేషెంటు సునీత. రెస్టు అవసరం.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు.  సాలమ్మ వెంట తెచ్చుకున్న క్యారియర్ మూత తీసి నా ముందుకు జరిపి, "తిన్నవా?" అంది.

చిన్నమ్మ బయటికొచ్చాక చెయ్యి పట్టుకున్నాను. "మా ఇంటికి పోదాం పా చిన్నమ్మా."

నా చేతిలోని పుస్తకాన్ని చూసింది. "చదివినవా?"

"చదివిన."

"ముందే పిలిస్తే వచ్చేదాన్ని బిడ్డా. వచ్చేదాన్ని గనుకనే నువ్వు పిలవలేదని నాకు ఎరికే. వస్తే ఇద్దరం పడేటోళ్లం. ముందు నువ్వు మంచిగ నిద్రపో." పుస్తకం తీసుకుని సంచిలో వేసుకుంది. "నంబరు రాసినవా?"

రాయలేదు. మళ్లీ తీసి రాశాను.

జూన్ మొదట్లో ఆమె ఆ గదిలోకి మారింది. జూలైలో వాగు పొంగిందని, రెండు రోజులు ఊరికి దారి లేదని ముత్తమ్మ ఫోన్ చేసిందట. మొన్న ఒక సాయంత్రం చిన్నమ్మ నాకు ఫోన్ చేసి, వేరే కబుర్లేవీ లేకుండా, "నిద్ర పడుతున్నదా?" అని అడిగింది.

"పడుతున్నది."

"ఎన్ని గంటలు?"

"ఏడు. నడుమ లేస్తలేను."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "గట్లయితే ఆదివారం వస్తా. నాలుగు దినాలుంట. ఆ గది తుడిపియ్యి."

ఫోన్ పెట్టేసి, చీపురు తీసుకోకముందే ఆ గదిలోకి వెళ్లి మంచం దగ్గర నిలబడ్డాను. చిన్నమ్మ వేసే అడుగంత అడుగు వేసుకుంటూ బాత్రూం దాకా నడిచాను. పదకొండే.